కథకుని పిలుపు: గ్రామహక్కు మొదలు ఒప్పందపత్రము వఱకు

మన పద్మశాలి కులచరిత్రమును వ్రాయువారు సాధారణముగా మార్కండేయ మహర్షితో నారంభించి, భావనాఋషి మగ్గము నెక్కిన వృత్తాంతమును జెప్పి, నేటి విద్యావంతుల పేర్లతో ముగింతురు. ఆ వృత్తాంతము మన పూర్వులకు ఎవరి నోట వినవచ్చెనో విచారించినవారు తక్కువ. అక్షరము లెఱుగని నేతగానికి తన కులపురాణమును తెలిపినవారు, గ్రామగ్రామమున పటము వ్రేలాడగట్టి రాత్రులు కథ చెప్పిన కూనపులివారు. వారితోపాటు సాధనాశూరులు ఇంద్రజాలములను, సాహసక్రియలను జూపి మన వాడలను రంజింపజేసిరి. ఈ వ్యాసమున మేము వారి జీవనవిధానమును పరిశీలింపదలచితిమి. ఊరూర తిరుగు కళాకారునకు పిలుపు ఎట్లు వచ్చుచుండెను? ప్రతిఫలము నెవరు నిర్ణయించుచుండిరి? ఆ యేర్పాటు ఎందుచేత సడలెను? దాని స్థానమున నేడు దేనిని నిలుపవలెను? ఇవియే మా ప్రశ్నలు.

తెలంగాణమునందు కులమునకొక కథకబృందము ఆశ్రితమై యుండుట ప్రాచీనాచారము. కురుమలకు, గొల్లలకు ఒగ్గువారు, ముదిరాజులకు కాకిపడగలవారు, గౌడులకు గౌడజెట్టివారు, మాదిగలకు చిందువారు, డక్కలివారు, మనకు కూనపులివారు, సాధనాశూరులు. ఈ సంబంధమునకు మిరాసి యని పేరు. ఫలాన గ్రామములు ఫలాన కుటుంబమువి. ఆ గ్రామములలో మఱొక కుటుంబము కథ చెప్పరాదు. హద్దు దాటినవానిని కులపంచాయతి విచారించి తప్పు వేయుచుండెను. అన్నదమ్ములు వేఱుపడునప్పుడు భూమివలెనే గ్రామములను పంచుకొనుచుండిరి. కూతునకు అరణముగా కొన్ని గ్రామముల నిచ్చుటయు, అక్కఱపడినప్పుడు హక్కును కుదువబెట్టుటయు గలదు. కొన్ని కుటుంబములు హక్కును దెలుపు రాగిరేకులను, పత్రములను తరతరములుగా భద్రపఱచుకొనినవి.

బృందము ఏటికొకసారి గాని, రెండుమూడేండ్లకొకసారి గాని తన గ్రామమునకు వచ్చును. వచ్చినవెంటనే కులపెద్ద యింటికి బోయి రాకను దెలుపును. పెద్ద వాడలోనివారిని సమావేశపఱచి, ఎన్ని రాత్రులు కథ జరుగవలెనో, ఏ యింటివారు ఏ పూట భోజనము పెట్టవలెనో, ఇంటికెంత చందా వేయవలెనో నిర్ణయించును. కథ ముగిసినపిదప త్యాగము ముట్టజెప్పి, బట్టలు పెట్టి సాగనంపుదురు. బేరమాడుట లేకపోలేదు, గడచినసారి యిచ్చిన మొత్తమును ఇరుపక్షములవారును మఱువరు. ప్రకటనలు లేవు, టిక్కెట్లు లేవు. కథకుడు తన్ను తాను పొగడుకొనవలసిన యగత్యమును లేదు. వాని తండ్రి చెప్పిన కథయే వానికి యోగ్యతాపత్రము.

అట్లని వానికి పెట్టుబడి లేదనుకొనరాదు. చేర్యాల నకాషీ చిత్రకారులచేత వ్రాయించిన పటమే వాని మూలధనము. గుడ్డకు చింతగింజల యంబలి, సుద్ద, జిగురు కలిపి పూసి యారబెట్టి, దానిపై కథను వరుస తప్పక చిత్రింతురు. వెడల్పు మూడడుగులు మొదలు, పొడవు కొన్ని పదుల యడుగులవఱకు నుండును. పటము సిద్ధమైన తఱి పూజ జరిపి కథకునికి అప్పగింతురు. జీర్ణించినదానిని నదిలో విడుతురు. ఒక పటమునకైన వ్యయము పెక్కుగ్రామముల త్యాగమువలన గాని తీఱదు. రేపు గ్రామము తన్ను పిలుచునన్న నమ్మకము లేనివాడు అట్టి వ్యయమునకు సాహసింపడు. కావున మిరాసి కథకునికి అన్నమునేగాక చిత్రకారునికి పనినిగూడ గల్పించినది.

మిరాసి లేని విద్వాంసుడు వేఱొక త్రోవ త్రొక్కవలసి వచ్చెను. అందుకు దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950) గార్లకంటె మంచి యుదాహరణము లేదు. ఈ జంటకవులకు వంశక్రమాగతమైన గ్రామము లేదు. అవధానవిద్య మాత్రమే గలదు. వారు గద్వాల, ఆత్మకూరు, వేంకటగిరి మున్నగు సంస్థానములకు దామే బోయి, పద్యములతో ప్రభువుల దర్శనమును గోరి, సభ చేయించుకొని, సత్కారము లందుకొనిరి. ఆ సంచారములలో జెప్పిన పద్యములే తరువాత నానారాజసందర్శనమను గ్రంథమయ్యెను. పండితులు సాధారణముగా మీసములు పెంపని దినములలో వారు మీసములు పెంచి, తమ్ము గెలిచినవారికి వానిని తీసి మ్రొక్కెదమని సవాలు చేసిరి. ఆ మీసము లేయూరి సభకు బోయినను ముందుగనే వారి కీర్తిని జాటుచుండెను. అహంకారమని నిందించినవారు గలరు. కాని యెవరును వారిని మఱువలేకపోయిరి. అయినను సంస్థానముపై నాధారపడిన జీవనమునకు ఒక లోపము గలదు. ప్రభువు మనసు మాఱినచో సత్కారము మాఱును. సంస్థానమే పోయినచో దారియే మూసికొనును. దేశము స్వతంత్రమైనపిదప సరిగా నట్లే జరిగినది.

మూడవ త్రోవ టిక్కెట్టు. 1885లో కడపమండలమున సురభి గ్రామమునందు వనారస గోవిందరావుగారు కీచకవధ నాటకమును బ్రదర్శించిరి. అంతకుముందు తోలుబొమ్మలాడించిన కుటుంబములు ఆనాటినుండి రంగస్థలమునే యిల్లు చేసికొని, తెఱలతో, తట్టుముట్టులతో, పసిబిడ్డలతో పట్టణమునుండి పట్టణమునకు తరలుచు వచ్చినవి. స్త్రీపాత్రలను స్త్రీలే ధరించుట వారి ప్రత్యేకత. ఆ వంశమునకు జెందిన సురభి కమలాబాయిగారు 1932లో విడుదలయిన భక్తప్రహ్లాద, తొలి తెలుగు టాకీయందు లీలావతి వేషమును ధరించిరి. నేటికిని సురభివారు హైదరాబాదున నిలిచి మాయాబజారు నాడుచున్నారు. వారిలో నాగేశ్వరరావుగారికి 2013లో పద్మశ్రీ లభించెను. టిక్కెట్టు త్రోవలో ప్రభువు లేడు, కులపెద్ద లేడు, ప్రేక్షకుడే ప్రభువు. కాని వానవచ్చిన రాత్రియు, జనము రాని రాత్రియు నష్టమంతయు సమాజమునదే.

ఇక మిరాసి యెట్లు సడలినదో చెప్పుదుము. కథకుని గ్రామము కదలలేదు. గ్రామములోని మనము కదలితిమి. చేమగ్గము కూడు పెట్టని దినములలో మనవారు షోలాపురమునకు, భివండికి, సూరతునకు, ముంబయికి వలసపోయిరి. ఉన్నవారిలో పెక్కురు సిరిసిల్ల మరమగ్గములకు జేరిరి. కథకుడు తన హక్కు గ్రామమునకు వచ్చిచూడగా తాళము వేసిన యిండ్లు కనబడెను. పట్టణమున చదువుకొన్న మన పిల్లలు వానిని యాచకునిగా నెంచిరి. తండ్రికి హక్కుగా నిచ్చిన త్యాగమును కుమారునికి భిక్షముగా విసరుట జరిగినది. ఈ మాట వ్రాయుటకు మాకు కష్టముగా నున్నది. కాని వ్రాయక తప్పదు.

గ్రామము విడిచిన కళాకారునకు నేడు కనబడు గమ్యము హైదరాబాదు. అందును శ్రీనగర్ కాలనీ ప్రాంతము. తెలుగు చలనచిత్ర పరిశ్రమ చెన్నపట్టణమునుండి తరలివచ్చిన కాలమున అమీరుపేటలోని సారథి స్టూడియోయు, 1976లో వెలసిన అన్నపూర్ణ స్టూడియోయు దానికి పట్టుకొమ్మలయ్యెను. వానికి సమీపముననే యున్న ఈ కాలనీలో నొకప్రక్క చిత్రనిర్మాతల కార్యాలయములు, మఱొకప్రక్క సభలకు, వివాహములకు నెలవైన సత్యసాయి నిగమాగమము గలవు. ఇచట పిలుపు మధ్యవర్తి ఫోనువలన వచ్చును. ప్రతిఫలమును వాడే చెప్పును. చెప్పినదానిలో కథకుని చేతికెంత ముట్టునో వాడే యెఱుగును.

చలనచిత్రము జానపదుని గొంతును దేశమంతట వినిపింపగలదు. పండ్రెండు మెట్ల కిన్నెర వాయించు దర్శనం మొగిలయ్యగారు 2021లో భీమ్లా నాయక్ పాటచేత ప్రసిద్ధులై, 2022లో పద్మశ్రీ నందిరి. బుడగజంగముల కథకు లిరువురు 2023లో బలగము చిత్రమున కంటతడి పెట్టించిరి. ప్రసిద్ధివలన కూడు దానంతట వచ్చునా? 2024 మే నెలలో మొగిలయ్యగారు తుర్కయంజాల వద్ద దినకూలికి బోవుచున్నారని పత్రికలు ప్రకటించెను. ఒక పాట ఒకనాటి పిలుపు మాత్రమే. మిరాసి యేటేట మరల వచ్చు పిలుపు. ఈ భేదమును గ్రహించినచో కర్తవ్యము దానంతట తేటపడును.

ముందుగా కళాకారుడు చేయదగినది. మిరాసిలో కులపంచాయతి చేసిన పనిని నేడు కాగితము చేయవలెను. ప్రదర్శన తేది, స్థలము, కాలపరిమితి, బృందములోనివారి సంఖ్య, దారిఖర్చు, భోజనవసతులు, మొత్తము సొమ్ము, ముందుగా నిచ్చు సంచకరువు, కార్యక్రమము రద్దయినచో దక్కు భాగము — ఇవన్నియు వ్రాసికొని యిరువురును సంతకము చేయవలెను. కథను యంత్రముపై నెక్కించుటకు వేఱుగా సమ్మతి, వేఱుగా సొమ్ము నుండవలెను. 1957 నాటి కాపీరైటు చట్టమునకు 1994లో జరిగిన సవరణవలన ప్రదర్శకునికి హక్కు గలిగినది. 2012 సవరణవలన అది బలపడినది. ఆ చట్టము ప్రదర్శకులలో గాయకుని, నటునేగాక దొమ్మరిని, ఇంద్రజాలికునిగూడ పేర్కొన్నది; అనగా మన సాధనాశూరులును దాని నీడలోనివారే. చిత్రమున పాడుటకు వ్రాతపూర్వకముగా సమ్మతించినవాడు పిదప ఆ వాడకమునకు అడ్డుచెప్పజాలడు. అయినను వ్యాపారవినియోగమునకు రాయల్టీ గోరుటకు వానికి చట్టమున అవకాశము గలదు. చిత్రములోని పేర్లపట్టికయందు తన పేరు లేనివాని హక్కు చాలవఱకు సన్నగిల్లును. కావున సొమ్మెంత యని యడుగుటతోపాటు, పేరెక్కడ వేయుదురని యడుగుటయు వానికి ముఖ్యము. తనకు దానుగ నిండుకథలోని యొక ఘట్టమును చక్కగా చిత్రింపజేసి యూట్యూబునందుంచుట నేటి మీసము. అది ముందుగా పోయి సభను సిద్ధము చేయును.

ఇక మనము చేయదగినది. మాఘమాసమున మార్కండేయ జయంతి జరుపని పద్మశాలి సంఘము లేదు. ఆ యుత్సవమున ప్రతి సంఘమును ఒక రాత్రి కూనపులివారి కథకు కేటాయింపవలెను. ఆ సొమ్మును సంవత్సరపు లెక్కలలో ముందే చూపి, సంచకరువును జయంతికి మూడునెలల ముందుగనే పంపవలెను. జిల్లాసంఘములు బృందముల పట్టికను సిద్ధము చేసి, ఒక ప్రాంతపు సంఘములు వరుసతేదులు నిర్ణయించుకొన్నచో, కథకుడు ఒకే ప్రయాణమున పదియూళ్లు చూచుకొనగలడు, దారిఖర్చు తగ్గును. షోలాపురము, భివండి, సూరతు సోదరులును ఇందు గలియవలెను. వలసపోయినది మనమే కావున మిరాసిగ్రామమును మనమే వారి యెదుటికి గొనిపోవలెను.

ఇది దానము కాదు, పాతబాకీ. మన పురాణమును మనకు భద్రపఱచి యిచ్చినవారికి మనము చెల్లింపవలసిన త్యాగమింకను మిగిలియున్నది. ఈ మహాసభ తీర్మానములలో నీ విషయమొకటి చేరునని, వచ్చు జయంతినాటికే యొక పటమైనను క్రొత్తగా చేర్యాలలో వ్రాయబడునని మేము ఆశించుచున్నాము.