గడప వద్ద మాయ: ‘టిన్ మెన్’ చిత్రం వెనుక చరిత్ర

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పెద్దల మాట. ఆ నోటినే పెట్టుబడిగా చేసుకొని, ఇంటింటి తలుపు తట్టి జీవించిన వర్తకవర్గం ఒకటి ఇరవయ్యవ శతాబ్ది మధ్యభాగంలో అమెరికాలో ఉండేది. చెక్క ఇళ్ల వెలుపలి గోడలకు అల్యూమినియం పలకలు తొడిగించే బేరం వారిది. జనం వారిని ‘టిన్ మెన్’, అనగా రేకుల మనుషులు, అని పిలిచేవారు. బాల్టిమోర్ నగరంలో పుట్టి పెరిగిన దర్శకుడు బ్యారీ లెవిన్సన్ 1987లో వారిపై అదే పేరుతో ఒక హాస్యచిత్రాన్ని రూపొందించాడు.

కథాకాలం 1963. రిచర్డ్ డ్రేఫస్, డానీ డెవిటో పోషించిన ఇద్దరు వర్తకుల కార్లు ఢీకొనడంతో మొదలైన కలహం పగగా మారుతుంది. ఈ కలహం నడుమ వారి వృత్తి రహస్యాలు ఒక్కొక్కటిగా బయటపడతాయి. ఒక ఇంటి ముందు కెమెరాతో నిలబడి, తాము ‘లైఫ్’ పత్రిక కోసం ఫోటో తీస్తున్నామంటారు. పలకలు తొడగక ముందు ఇల్లు ఎంత వెలవెలబోతుందో చూపడానికి ఈ ఇంటిని ఎంచుకున్నామంటారు. చిన్నబోయిన ఇల్లాలు తన ఇల్లు తొడిగిన తరువాతి బొమ్మగా ఉండకూడదా అని తానే అడుగుతుంది. బేరం అక్కడే కుదురుతుంది. ప్రేక్షకుడు నవ్వుతాడు.

ఈ నవ్వు వెనుక ఒక ప్రభుత్వ పథకపు చరిత్ర ఉంది. ఆర్థిక మాంద్యంలో కుంగిన గృహనిర్మాణ రంగాన్ని నిలబెట్టడానికి అమెరికా 1934లో జాతీయ గృహనిర్మాణ చట్టం చేసింది. దాని మొదటి అధ్యాయం క్రింద, ఇళ్ల మరమ్మతుకు ఇచ్చే అప్పులకు కేంద్ర గృహనిర్మాణ సంస్థ బీమా కల్పించింది. ఉద్దేశం ఉదాత్తమైనదే. అయితే ఆ బీమా రక్షించింది అప్పిచ్చిన బ్యాంకును. అప్పు తీసుకున్న గృహస్థుకు అటువంటి రక్షణ లేదు. వసూలు కాని సొమ్ము ప్రభుత్వం భరిస్తుందన్న ధీమాతో, పని ఎలా జరిగిందన్న విచారణ బ్యాంకులలో సడలింది. ఆ సందులోకి మాటకారి వర్తకుడు ప్రవేశించాడు. మీ ఇంటిని నమూనాగా చూపి ఇరుగుపొరుగుకు అమ్ముతాం, ప్రతి అమ్మకంపై మీకు కమీషన్ ముడుతుంది, మీ పని ఉచితంగా జరిగినట్లే అని నమ్మబలికేవాడు. పని ముగియకముందే ముగిసినట్లు పత్రంపై సంతకం తీసుకునేవాడు. ఆ ప్రామిసరీ నోటు బ్యాంకు చేతికి చేరిన తరువాత, వర్తకుని మోసంతో తమకు సంబంధం లేదని బ్యాంకు చెప్పగలిగేది. పలకలు ఊడిపోయినా వాయిదాలు మాత్రం ఆగేవి కావు.

1954లో ఈ వ్యవహారం రచ్చకెక్కింది. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ప్రభుత్వం గృహనిర్మాణ సంస్థ అధిపతిని పదవి నుండి తప్పించింది; హోమర్ కేప్‌హార్ట్ అధ్యక్షతన సెనేట్ సంఘం విచారణ జరిపింది. ప్రతి నష్టంలోనూ పదో వంతు బ్యాంకే భరించాలని ఆ ఏటి చట్టం నిర్దేశించింది. బ్యాంకుకూ కొంత నష్టభయం ఉంటేనే అది కళ్లు తెరిచి చూస్తుందన్నది ఇందులోని సూత్రం. మేరీలాండ్ రాష్ట్రం 1962లో గృహ మరమ్మతుల కమిషన్‌ను నెలకొల్పి, ఈ వర్తకులకు లైసెన్సును తప్పనిసరి చేసింది. చిత్రంలో కథానాయకులు చివరకు లైసెన్సులు పోగొట్టుకొనేది ఇటువంటి కమిషన్ ఎదుటనే. ఇంటి వద్ద కుదిరిన బేరాన్ని మూడు పనిదినాలలో రద్దు చేసుకొనే హక్కు అమెరికా అంతటా 1974లో వచ్చింది. నోటు చేతులు మారినా, కొనుగోలుదారు తన ఫిర్యాదును అప్పు ఇచ్చిన సంస్థపైనా నిలపగల నిబంధన 1976లో అమలైంది. రేకుల మనుషుల మాటకు విరుగుడు కనిపెట్టడానికి ప్రభుత్వానికి నలభై ఏళ్లు పట్టింది.

చిత్రం ఈ మోసగాళ్లను వెనకేసుకు రాదు. అయినా వారి ఒంటరితనం, చాతుర్యం, పతనం మనకు దగ్గరవుతాయి. మోసపోయిన గృహస్థులు మాత్రం క్షణకాలం కనిపించి తెరమరుగవుతారు. హాస్యరస స్వభావమే అంత: వంచకుని తెలివికి నవ్వుతాం, వంచితుని వాయిదాలు లెక్కపెట్టం. సెనేట్ విచారణకు చేరినవి ఆ లెక్కలే. కనుక చిత్రాన్నీ, ఆ విచారణనూ కలిపి చూసినప్పుడే చరిత్ర సంపూర్ణమవుతుంది.

ఈ పాఠం ఒక్క అమెరికాకే పరిమితం కాదు. మన దేశంలో 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019 చట్టం వచ్చింది. దాని క్రింద 2021లో చేసిన ప్రత్యక్ష విక్రయ నిబంధనల ప్రకారం, ఆ పద్ధతిలో సరుకు అమ్మే విక్రేత గుర్తింపు కార్డు, ముందస్తు అనుమతి లేకుండా కొనుగోలుదారు ఇంటికి వెళ్లరాదు. నిబంధన చిన్నదే గాని, దాని వెనుక దీర్ఘానుభవం ఉంది. పథకం రూపొందించేవారు లబ్ధిదారుని పేరు రాసుకుంటారు. అతని గడపకూ ఖజానాకూ నడుమ ఎవరు నిలబడతారో, నష్టం వస్తే ఎవరి మీద పడుతుందో కూడా ముందుగానే రాసుకోవాలి. ఆ రెండు ప్రశ్నలనూ విస్మరించినందువల్లనే మంచి చట్టం క్రింద రేకుల మనుషులు ఇన్నేళ్లు వర్ధిల్లారు.