కొట్టిన బండ

బైబిల్లో బండ అనగానే మన సంఘాల్లో ఎక్కువమందికి పునాదే గుర్తొస్తుంది. ఇసుక మీద కట్టినవాడి ఇల్లు వానకు కూలింది, బండ మీద కట్టినవాడి ఇల్లు నిలిచింది. మత్తయి సువార్త ఏడో అధ్యాయంలోని ఈ ఉపమానం వినని సండే స్కూలు పిల్లవాడు ఉండడు. హైదరాబాద్ మాదాపూర్‌లో నేనూ పిల్లలకు అదే చెబుతాను. కానీ రాళ్లు కొట్టి మమ్మల్ని పెంచిన మనిషికి కొడుకును నేను. నా మనసు ఎప్పుడూ ఇంకో బండ దగ్గర ఆగుతుంది. అది హోరేబులో మోషే కర్రతో కొట్టిన బండ, దెబ్బ తిని నీళ్లిచ్చిన బండ.

నిర్గమకాండం పదిహేడో అధ్యాయంలో ఉంది ఆ సంగతి. దాహానికి తాళలేక జనం మోషేను రాళ్లతో కొట్టేదాకా వచ్చారు. అప్పుడు దేవుడు, నేను ఆ బండ మీద నీ ఎదుట నిలబడతాను, దాన్ని కొట్టు అన్నాడు. దెబ్బ పడేచోట దేవుడే నిలబడ్డాడన్న మాట. తర్వాత ఎన్నో వందల ఏళ్లకు పౌలు కొరింథు సంఘానికి రాస్తూ ఆ బండ క్రీస్తేనని తేల్చి చెప్పాడు. సిలువ మీద యేసు పక్కలో ఈటె దిగినప్పుడు రక్తమూ నీళ్లూ వచ్చాయని యోహాను రాశాడు కదా, మూడో శతాబ్దంలో కార్తేజీ బిషప్ సిప్రియన్ ఆ ఈటె పోటులోనే చీలిన బండను చూశాడు.

పేతురుతో యేసు చెప్పిన బండ మీద జరిగినంత వాదం మాత్రం ఈ బండ మీద జరగలేదు. సంఘాన్ని ఏ బండ మీద కడతానన్నాడు యేసు? పేతురు మీదే అంటారు రోమన్ కథోలికులు. పేతురు ఒప్పుకున్న విశ్వాసం మీద అంటారు లూథర్ వెనక నడిచినవాళ్లు. అగస్టీన్ మొదట పేతురన్నాడు, తర్వాత పేతురు ఒప్పుకున్న క్రీస్తన్నాడు, ముసలితనంలో తన పుస్తకాలన్నీ తిరగేసుకుంటూ ఏది సబబో చదివేవాళ్లే ఎంచుకోండని వదిలేశాడు. అంత పెద్ద పండితుడు అలా వదిలేయగలిగాడంటే నాకు గౌరవం.

ఇక మా కళ్లెదుటి బండల సంగతి. మాదాపూర్ రాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. భూమి లోపల గడ్డకట్టిన గ్రానైటు ఇది. పగుళ్ల వెంట నీళ్లు దిగి, మెత్తబడిన భాగం మట్టై కొట్టుకుపోయి, గట్టిది గుండ్లుగా మిగిలింది. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టున్న గుట్టలు అలా తయారైనవే. ఆ గుట్టల నడుమే దుర్గం చెరువు. కుతుబ్ షాహీల కాలంలో గోల్కొండ కోటకు తాగునీళ్లు ఇక్కణ్ణుంచే వెళ్లాయి. రాతి నుంచి నీళ్లన్న మాట ఇక్కడి పిల్లలకు విడమరిచి చెప్పక్కర్లేదు, చెరువు గట్టున నిలబెడితే చాలు.

1998 నవంబర్‌లో ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించేనాటికి మా నాయన ఈ చుట్టుపక్కలే సమ్మెట పట్టి ఉన్నాడు. మాది మెదక్ వైపు పల్లె. నాయన పని నేను దగ్గర్నుంచి చూశాను. ముందు బండ మీద బిందెడు నీళ్లు గుమ్మరించేవాడు. ఎండకు బండంతా ఆరిపోయాక కూడా వెంట్రుకంత సన్నంగా ఒకచోట తడి గీత మిగిలేది. పగులు అక్కడుందన్నమాట. ఆ వాలు చూసుకుని వరసగా గుంటలు తొలిచి, ఇనప చీలలు దిగ్గొట్టి, ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కోదాని మీద ఒక్కో దెబ్బ వేస్తూ పోయేవాడు. ఖంగున మోగే చప్పుడు మొద్దుబారగానే ఆపేసేవాడు. “ఇగ కొట్టొద్దు బిడ్డా, అదే ఇస్తది” అనేవాడు. కాసేపటికి బండ తనంతట తానే నిలువునా విచ్చుకునేది. ముంజేతుల మీద, పిక్కల మీద రాతి పెచ్చులు చేసిన మచ్చలు ఆయనకు చివరిదాకా పోలేదు.

మా తాతల తరం కొట్టిన రాయి మెదక్ చర్చిలో ఉంది. వెస్లియన్ మెథడిస్ట్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ 1914లో ఆ చర్చి పని మొదలుపెట్టాడు. ఒకపక్క ప్రపంచ యుద్ధం, ఇంకోపక్క ఇక్కడ కరువు. ఆకలితో వచ్చినవాళ్లకు ఊరికే దానం చేసే బదులు పని చూపించి, కూడు పెట్టి కట్టించాడు. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, 170 అడుగులు దాటిన గోపురం, కట్టింది గ్రానైటుతో. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. వెళ్లినవాళ్లంతా ఫ్రాంక్ సాలిస్‌బరీ గీసిన రంగుటద్దాల కిటికీలను చూస్తారు. చూడవలసినవే. నేను మాత్రం ముందు గోడ దగ్గరికి వెళ్లి రాతి మీద చెయ్యి వేస్తాను. ద్వితీయోపదేశకాండం ముప్పై రెండో అధ్యాయంలో మోషే పాట ఉంది. బండలో నుంచి తేనె, చెకుముకి రాతిలో నుంచి నూనె వచ్చాయంటుంది. మా వాళ్లకు వచ్చింది జొన్న గటక. పదేళ్లపాటు ఆ రాయి చుట్టుపక్కల పల్లెల ప్రాణం నిలిపింది. పోస్నెట్‌ను నేను గుర్తుపెట్టుకునేది అందుకే, గోపురం ఎత్తు చూసి కాదు.

ఒంగోలులో ఇలాంటిదే అంతకుముందే జరిగింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ లైమన్ జ్యూయెట్, కొద్దిమంది విశ్వాసులు ఊరి పక్క కొండెక్కి ప్రార్థించారు. ఇప్పటికీ అది ప్రార్థన కొండే. 1876-78 కరువులో అక్కడి మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అన్నం కోసమే మారారని ఎత్తిపొడిచే మాట నాకు తెలుసు. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టిన దేవుణ్ణి నమ్మడంలో తప్పేముందో నాకు ఈనాటికీ అర్థం కాదు.

మోషే కథ హోరేబుతో అయిపోలేదు. సంఖ్యాకాండం ఇరవయ్యో అధ్యాయంలో మళ్లీ దాహం, మళ్లీ బండ. ఈసారి దేవుడు కొట్టమనలేదు, బండతో మాట్లాడమన్నాడు. మోషే కోపంలో రెండుసార్లు కొట్టాడు. నీళ్లయితే వచ్చాయి గానీ, మోషేకు వాగ్దాన దేశంలో అడుగుపెట్టే భాగ్యం పోయింది. ఈ అధ్యాయం చదివినప్పుడల్లా మాదాపూర్‌లో డైనమైట్‌తో పేల్చేసిన గుట్టలు కళ్ల ముందు కదులుతాయి. సొసైటీ టు సేవ్ రాక్స్ 1996 నుంచి ఇలాంటి గుట్టల కోసం పోరాడుతోంది. శిల్పారామంలోని ఎలుగుబంటి ముక్కు బండ, దుర్గం చెరువు పక్కన మిగిలిన గుట్టలు వారసత్వ శిలల జాబితాకెక్కాయి. మా నాయన కొట్టిన రాళ్లలో మా కూడుంది, నా చదువుంది, ఆ పనిని నేను తక్కువ చెయ్యను. కానీ ఆయన ప్రతి బండనూ తడిపి, చూసి, విని కొట్టాడు, చాలన్నప్పుడు ఆపాడు. ఒక్క మీట నొక్కి గుట్ట మొత్తాన్ని కంకర చేసే పనికి, ఆయన పనికి పోలిక లేదు. మిగిలిన ఈ కాసిని బండలనైనా ముట్టకుండా ఉంచమని అడుగుతున్నాను, రాళ్లు కొట్టినవాడి కొడుకుగానే అడుగుతున్నాను.