ప్రాణవాయువునందలి విషము – జీవకణముల రక్షణ చరిత్ర

ప్రాణవాయువు లేనిదే మానవుడు కొద్ది నిమిషములైనను జీవింపజాలడు. ఆ వాయువునకు మన భాషలో ఆ పేరు వచ్చుట కదియే కారణము. కాని ఈ ప్రాణదాతయందే ప్రాణహరమైన గుణమొకటి కలదనియు, ప్రతి జీవకణమును అహోరాత్రములు దానినుండి తన్ను తాను రక్షించుకొనుచున్నదనియు శాస్త్రజ్ఞులు గ్రహించుటకు సుమారు రెండువందల సంవత్సరములు పట్టినది.

1774వ సంవత్సరము ఆగస్టు 1వ తేదీన ఇంగ్లండు దేశీయుడైన జోసెఫ్ ప్రీస్ట్లీ పాదరస భస్మముపై భూతద్దముతో సూర్యకిరణములను కేంద్రీకరించి ఈ వాయువును వెలువరించెను. స్వీడను దేశమున షీలె అంతకు పూర్వమే దీనిని తయారు చేసియుండెను గాని, ఆయన గ్రంథము 1777లో వెలువడినది. ప్రీస్ట్లీ ఈ వాయువునందు ఒక చిట్టెలుక నుంచి చూడగా, అది సామాన్యపు గాలిలోకంటె ఎక్కువసేపు బ్రతికెను. అయినను ఆయనకు ఒక సందేహము కలిగెను. కొవ్వొత్తి ఈ వాయువులో త్వరగా మండి కరగిపోవునట్లే, మనుజుడును దీనియందు త్వరత్వరగా ఆయువును వెచ్చించునేమో యని ఆయన వ్రాసెను.

ఆ సందేహము నిజమని శతాబ్దము తరువాత తేలినది. ఫ్రాన్సు దేశీయుడు పాల్ బెర్ట్, 1878లో ప్రచురించిన గ్రంథమునందు, అధిక పీడనమున ఆమ్లజనిని పీల్చిన జంతువులకు మూర్ఛలు వచ్చి మరణము సంభవించునని చూపెను. అంత అధికము కాని పీడనమున గూడ, దీర్ఘకాలము పీల్చినచో ఊపిరితిత్తులు చెడునని 1899లో లొరైన్ స్మిత్ నిరూపించెను.

కాని ఈ హెచ్చరికలు శిశువైద్యశాలల వఱకు చేరలేదు. 1940 ప్రాంతమునుండి నెలలు నిండక పుట్టిన శిశువులను ఇంక్యుబేటరులలో నుంచి ధారాళముగా ఆమ్లజని నిచ్చుట పలు దేశములలో ఆచారమయ్యెను. 1942లో అమెరికాలో టెర్రీ అను నేత్రవైద్యుడు అట్టి శిశువులకు వచ్చు ఒక క్రొత్త అంధత్వమును వర్ణించెను. 1951లో ఆస్ట్రేలియాయందు కేట్ కాంప్‌బెల్ అను వైద్యురాలు, అధికముగా నిచ్చు ఆమ్లజనియే కారణమై యుండునని సూచించెను. 1953-54లో అమెరికాలోని పలు ఆసుపత్రులు కలిసి జరిపిన పరీక్ష ఆ సూచనను బలపఱచినది. అప్పటికి సుమారు 10,000 మంది పసికందులు చూపు కోల్పోయిరి. బ్రతికింపవలెనని ఇచ్చినదే కన్నులను హరించినది.

ఆమ్లజని ఇట్లేల బాధించును? 1954లో అర్జెంటీనా దేశీయురాలు రెబెకా గెర్ష్‌మన్, ఆమె సహచరులు దీనికి సమాధానము చెప్పిరి. ఎక్స్-కిరణములు శరీరమున స్వేచ్ఛారాడికల్సు అను అస్థిరపదార్థములను పుట్టించి కణములను చెఱచునట్లే, అధికమైన ఆమ్లజనియు చేయునని వారి వాదము. ఆమ్లజని అణువునకు అదనముగా ఒక ఎలక్ట్రాను చేరినచో సూపరాక్సైడు అగును. కణములు శ్వాసించునపుడు కొంత సూపరాక్సైడు పుట్టుచునే యుండును. అట్లయినచో ప్రాణులు ఎట్లు బ్రతుకుచున్నవి?

సమాధానమున సగము అంతకు మునుపే దొరకియుండెను. 1818లో థెనార్డ్ హైడ్రోజన్ పెరాక్సైడును కనుగొని, జంతుధాతువులు దానిని విచ్ఛిన్నము చేయుటను గమనించెను. గాయముపై ఈ ద్రవము పోసినపుడు తెల్లని నురుగు పొంగుట పలువురు చూచియే యుందురు. ఆ పని చేయు ఎంజైమునకు 1900 ప్రాంతమున ఆస్కార్ లోవ్ కేటలేజ్ అని పేరిడెను. 1937లో సమ్నర్, డౌన్స్ అనువారు పశువుల కాలేయమునుండి దానిని స్ఫటికరూపమున సాధించిరి. ఒక్క కేటలేజ్ అణువు సెకండునకు లక్షలకొలది పెరాక్సైడు అణువులను నీరుగను ఆమ్లజనిగను మార్చగలదు.

తక్కిన సగము వేఱొక దారిని వచ్చినది. 1938లో కేంబ్రిడ్జిలో మాన్, కైలిన్ అనువారు పశురక్తమునుండి రాగి గల నీలవర్ణపు మాంసకృత్తు నొకదానిని వేఱుచేసి, హీమోకుప్రీన్ అని పేరిడిరి. అది శరీరమున ఏ పని చేయునో తెలియలేదు. మూడు దశాబ్దముల పిమ్మట అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమున ఇర్విన్ ఫ్రిడోవిచ్, ఆయన విద్యార్థి జో మెకార్డ్ మఱియొక చర్యను పరిశీలించుచుండిరి. వారు వాడిన మాంసకృత్తులలోని మలినమేదియో ఆ చర్యను అడ్డగించుచుండెను. వారు దానిని పాఱవేయక వెదకగా, సూపరాక్సైడును రూపుమాపు ఎంజైము బయటపడెను. అది ఆ పాత నీలపు మాంసకృత్తే! 1969లో వారు దానికి సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అని నామకరణము చేసిరి. ఇది సూపరాక్సైడును పెరాక్సైడుగను ఆమ్లజనిగను మార్చును. ఆ పెరాక్సైడును కేటలేజు, 1957లో మిల్స్ కనుగొనిన గ్లూటాథయోన్ పెరాక్సిడేజు నీరుగా మార్చును. ఒకరు దింపిన బరువును మఱియొకరు ఎత్తుకొన్నట్లు ఈ పని సాగును.

ఈ రక్షణ ఎంత అవసరమో తరువాతి పరిశోధనలు చాటినవి. మాంగనీసు గల డిస్మ్యుటేజు లేకుండ పుట్టించిన చిట్టెలుకలు పది దినములలోపల మరణించెనని 1995లో ప్రకటింపబడినది. అట్లని మందుబిళ్లలు ఈ ఎంజైములకు మాఱు కావు. ఫిన్లండులో పొగత్రాగువారికి బీటా-కెరోటిన్ ఇచ్చి చూడగా, శ్వాసకోశపు క్యాన్సరు తగ్గకపోగా హెచ్చెనని 1994లో వెల్లడియైనది.

1938లో ప్రయోజనము తెలియకయే గ్రంథస్థమైన ఒక పరిశీలన, 31 సంవత్సరములు పుటలలో నిలిచి, తగినవారికి అక్కఱకు వచ్చినది. పాల్ బెర్ట్ గ్రంథము మాత్రము అవసరమైన దినమున చదువువారు లేక, పసివారి కన్నులకు ఉపకరింపక పోయెను. విజ్ఞానమును భద్రపఱచుట ఒక యెత్తు. దానిని వేళకు తెఱచి చదువుట మఱియొక యెత్తు. గ్రంథాలయములకు ఈ రెండు బాధ్యతలును కలవని ఈ చరిత్ర బోధించుచున్నది.