యూనిక్స్‌లో సింబాలిక్ లింకులు: నిరపేక్ష, సాపేక్ష మార్గాల చారిత్రక పరిశీలన

కంప్యూటర్‌లో ఒకచోట ఉన్న ఫైలును మరొకచోటి నుంచి కూడా చేరుకొనేందుకు ఏర్పరచే సూచికను లింకు అంటారు. 1965లో డేలీ, న్యూమన్‌లు మల్టిక్స్ వ్యవస్థకు ప్రతిపాదించిన ఫైలు నిర్మాణంలోనే ఈ భావన కనిపిస్తుంది. బెల్ ల్యాబ్స్‌లో రూపొందిన తొలి యూనిక్స్ మాత్రం ఒకే ఫైలుకు రెండు పేర్లు కల్పించే హార్డ్ లింకును స్వీకరించింది. అయితే హార్డ్ లింకు ఒక ఫైల్ సిస్టమ్ హద్దును దాటలేదు.

ఈ పరిమితిని 1983లో బర్క్‌లీ నుంచి వెలువడిన 4.2 బీఎస్‌డీ తొలగించింది. అందులోని సింబాలిక్ లింకు ఫైలును కాక, దానిని చేరే మార్గాన్ని అక్షరాలుగా భద్రపరుస్తుంది. మెక్‌క్యూసిక్, జాయ్, లెఫ్లర్, ఫాబ్రీలు 1984లో ప్రచురించిన పత్రం దీని నియమాన్ని వివరించింది. దాని ప్రకారం నిరపేక్ష మార్గాన్ని రూట్ డైరెక్టరీ నుంచి, సాపేక్ష మార్గాన్ని లింకు ఉన్న స్థానం నుంచి గ్రహించాలి.

‘పరిశోధన’ డైరెక్టరీలోని ఒక లింకులో ‘/పరిశోధన/మూలాలు/పట్టిక’ అనీ, మరొక లింకులో ‘మూలాలు/పట్టిక’ అనీ ఉన్నాయనుకొందాం. డైరెక్టరీ పేరు మారిస్తే మొదటిది తెగిపోతుంది, రెండవది పనిచేస్తుంది. లింకును మాత్రమే వేరొకచోటికి తరలిస్తే ఫలితం తారుమారవుతుంది. డైరెక్టరీ మొత్తానికి నకలు తీసినప్పుడు మరింత సూక్ష్మమైన ప్రమాదం ఉంది. నకలులోని నిరపేక్ష లింకు అసలు ఫైలునే చూపుతుంది. నకలును సవరిస్తున్నామనుకొన్నవారు అసలు ప్రతినే మార్చివేస్తారు. ఎక్కడా దోషసూచన రాదు.

1980ల మధ్యలో సన్ మైక్రోసిస్టమ్స్ ప్రవేశపెట్టిన ఎన్‌ఎఫ్‌ఎస్ ఈ భేదాన్ని ఒకే యంత్రం పరిధి దాటించింది. అందులో సర్వర్‌పై ఉన్న లింకును అన్వయించేది క్లయింటు యంత్రం. కనుక నిరపేక్ష మార్గం సర్వర్ రూట్ నుంచి కాక, క్లయింటు రూట్ నుంచి మొదలవుతుంది. ఒకే లింకు ఒక్కో యంత్రంలో ఒక్కో ఫైలును చూపే అవకాశం దీనివల్ల ఏర్పడింది.

అనంతర కాలపు ఆచరణ ఏ ఒక్క పద్ధతినీ సార్వత్రికం చేయలేదు. డెబియన్ విధాన పత్రం ఒకే అగ్రస్థాయి డైరెక్టరీలోని లింకులకు సాపేక్ష మార్గాన్ని, వేర్వేరు అగ్రస్థాయి డైరెక్టరీల మధ్య లింకులకు నిరపేక్ష మార్గాన్ని నిర్దేశిస్తుంది. 2012లో గ్నూ ‘ఎల్‌ఎన్’ ఆదేశానికి సాపేక్ష మార్గాన్ని తానే గణించే సౌకర్యం చేరింది. లింకు, లక్ష్యం కలిసి కదిలేవైతే సాపేక్ష మార్గం, లక్ష్యం స్థిరంగా ఉండి లింకు మాత్రమే కదిలేదైతే నిరపేక్ష మార్గం తగినవని ఈ చరిత్ర నిరూపిస్తున్నది.