పది డాలర్ల కంప్యూటరు: ఒక వదంతి చరిత్ర

విడుదల కాని యంత్రానికీ చరిత్ర ఉంటుంది. ప్రకటనలు, పత్రికా వార్తలు, వాటిపై వెలువడిన సందేహాలు అందుకు ఆధారాలు. 2009 ఫిబ్రవరి 3న తిరుపతిలో ప్రదర్శితమైన ‘సాక్షాత్’ ఉదంతాన్ని ఈ దృష్టితో పరిశీలించవచ్చు.

ఎం.ఐ.టి. ఆచార్యుడు నికొలస్ నెగ్రొపాంటె ప్రతిపాదించిన వంద డాలర్ల లాప్‌టాప్ పథకాన్ని కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ 2006లో తిరస్కరించింది. అనంతరం భారతదేశమే పది డాలర్లకు, అంటే సుమారు 500 రూపాయలకు, లాప్‌టాప్‌ను తేనున్నదన్న వార్త దేశవిదేశాలలో వ్యాపించింది. ఒక్క తెరకే అంతకు మించిన ఖర్చవుతుందని సాంకేతిక నిపుణులు శంకించారు. చివరకు తిరుపతి వేదికపై కనిపించినది లాప్‌టాప్ కాదు, పాఠ్యాంశాలను నిల్వచేసే చిన్న పరికరం. సందేహమే నిజమైంది.

అయినా ఆ వదంతి అక్కడితో ముగియలేదు. 2010 జులైలో 35 డాలర్ల నమూనాగా, 2011 అక్టోబరు 5న ‘ఆకాశ్’ టాబ్లెట్‌గా అదే ఆశ మళ్లీ రూపుదాల్చింది. డేటావిండ్ సంస్థ సరఫరా చేసిన తొలి ఆకాశ్ యంత్రాల కూర్పు హైదరాబాదులో జరిగింది. ధర రెండు వేల రూపాయలు దాటింది. మందగమనం, స్పర్శకు సరిగా స్పందించని తెర విమర్శలకు గురయ్యాయి.

దేవరకొండ వంటి మెట్ట ప్రాంతపు తరగతి గది నుండి చూసినప్పుడు, ఇటువంటి వార్తను నమ్మడాన్ని కేవలం అమాయకత్వంగా కొట్టివేయలేము. అంగడి ధరకూ విద్యార్థి స్తోమతకూ నడుమనున్న దూరమే ఆ నమ్మకానికి మూలం. సాంకేతిక చరిత్ర యంత్రాలతోపాటు ఆ దూరాన్ని కూడా నమోదు చేయవలసి ఉంది.