మందు మొదలుపెట్టాక లావైపోయాడు: ఈ మాట వెనక ఉన్న చరిత్ర

స్కిజోఫ్రీనియాకి మందులు వాడేవాళ్లు మీ చుట్టాల్లో ఉంటే ఈ మాట వినే ఉంటారు: "మాత్రలు మొదలుపెట్టాక బాగా లావైపోయాడు." వెంటనే ఎవరో ఒకరు "పనీపాటా లేదు కదా, కూర్చుని తింటే అంతే" అనేస్తారు. అంత తేలిక కాదండీ.

1952, పారిస్. సెంట్ ఆన్ ఆసుపత్రిలో దెలే, దెనికేర్ అనే ఇద్దరు డాక్టర్లు క్లోర్‌ప్రోమజీన్‌ని మానసిక రోగులకి ఇచ్చి చూశారు. అప్పటిదాకా ఉన్న చికిత్సల్లో ఒకటేంటో తెలుసా? ఇన్సులిన్ ఇచ్చి, షుగర్ పడగొట్టి, మనిషిని కోమాలోకి పంపడం! దాని పక్కన ఈ మందు వరమే. బరువు పెరుగుతున్నారని, కొందరికి షుగర్ వస్తోందని 1950ల్లోనే డాక్టర్లు రాశారు. కానీ చేతులు వణకడం, ఒళ్లు బిగుసుకుపోవడం కంటికి కనిపిస్తాయి. షుగర్ కనిపించదు కదా, అది వెనకబడిపోయింది.

తర్వాత క్లోజపీన్ వచ్చింది. 1975లో ఫిన్లాండ్‌లో ఇది వాడిన కొందరికి తెల్ల రక్తకణాలు పడిపోయి, ప్రాణాలు పోయాయి. చాలాచోట్ల మందు ఆపేశారు. వేరే ఏ మందుకీ లొంగని రోగులకి ఇది పనిచేస్తోందని రుజువయ్యాక, 1989లో అమెరికా అనుమతిచ్చింది. షరతు: వారం వారం రక్తపరీక్ష. నాకు వింతగా అనిపించేది ఇక్కడే. వారం వారం సూది గుచ్చుతున్నారు, తెల్లకణాలు లెక్కపెడుతున్నారు. అదే చేత్తో షుగర్ కూడా చూడాలన్న నియమం మాత్రం లేదు.

1996లో ఓలాంజపీన్ వచ్చింది. వణుకు తక్కువ, అందరికీ నచ్చింది. 1999లో పాత పరిశోధనలన్నీ కలిపి లెక్క కడితే, పది వారాల్లో పెరిగే బరువు సగటున ఓలాంజపీన్‌తో 4.15 కిలోలు, క్లోజపీన్‌తో 4.45. ఎందుకలా? పిల్లలకి ఆకలి పుట్టాలని ఇచ్చే సిప్రోహెప్టడిన్ సిరప్ ఉంది చూడండి, అది మూసేసే హిస్టమిన్ రిసెప్టర్‌నే ఇవీ గట్టిగా మూసేస్తాయి. కడుపు నిండినా ఆకలి తీరదు. అది తిండిపోతుతనం కాదన్నమాట.

చివరికి 2004లో అమెరికా డయాబెటిస్, సైకియాట్రీ సంఘాలు కలిసి ఒక పట్టిక ఇచ్చాయి. మందు మొదలుపెట్టేముందే బరువు, నడుం కొలత, బీపీ, పరగడుపు షుగర్, కొవ్వులు చూడాలి. బరువు 4, 8, 12 వారాలకి మళ్లీ చూడాలి. షుగర్, బీపీ, కొవ్వులు 12 వారాలకి. నడుం ఏడాదికోసారి. మన దక్షిణాసియా వాళ్లకైతే మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటితేనే జాగ్రత్తపడాలి.

మరి మందు మానేస్తే పోలా? 2009లో మళ్లీ ఫిన్లాండ్ నుంచే ఒక లెక్క వచ్చింది. 66,881 మంది, పదకొండేళ్లు. మందుల్లో అన్నిటికన్నా తక్కువ మరణాలు క్లోజపీన్ వాడినవాళ్లలో! ఏళ్ల తరబడి ఏదో ఒక మందు వాడినవాళ్లకన్నా, అసలు వాడనివాళ్లలోనే మరణాలు ఎక్కువ. లెక్క కట్టిన తీరుమీద విమర్శలు వచ్చాయి, నిజమే. అయినా అందుకే డాక్టర్లు ఉన్నట్టుండి ఆపమనరు. వీలైతే బరువు తక్కువ పెంచే మందుకి మారుస్తారు, లేదా మెట్‌ఫార్మిన్ తోడు ఇస్తారు.

ఈసారి మీవాళ్ల ఆసుపత్రి ఫైల్ తీసినప్పుడు ఒకసారి చూడండి. నడుం కొలత ఎక్కడైనా రాసి ఉందా?