మధ్యలో వదిలేసినోళ్ల లెక్క

ఈరోజు ఎపిసోడ్ చరిత్రే గానీ, అందులో నా తప్పు కూడా ఒకటుంది. అది కూడా చెప్పేస్తా.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. ఉద్యోగంలో చేరిన కొత్త, ప్రొద్దుటూరులో మా ఇంటికొచ్చేశాను. అప్పుడే ఫోల్డింగ్ ఎట్ హోమ్ గురించి చదివాను. కరోనా వైరస్ ప్రోటీన్లు ఎలా కదులుతాయో లెక్కకట్టడానికి మన కంప్యూటర్‌ను వాడుకుంటారు. డబ్బులివ్వరు, పాయింట్లే. జమ్మలమడుగులో ఒకడిని, పులివెందులలో ఒకడిని, ఇద్దరు క్లాస్‌మేట్లను పట్టుకుని ఇన్‌స్టాల్ చేయించాను.

మే వచ్చింది. కడప జిల్లా ఎండలు తెలుసుగా! పులివెందుల వాడు ఫోన్ చేశాడు. "రేయ్, ల్యాప్‌టాప్ పెనం మాదిరి కాలుతాంది. కరెంటు బిల్లు చూసి మా నాయన అరుస్తాన్నాడు" అన్నాడు. "మొదలుపెట్టినోడివి చివరిదాకా ఉండాల" అని నేను గట్టిగా మాట్లాడాను. వాడు తీసేశాడు. నాతో మాటలూ తగ్గించాడు. జూన్‌లో ఆఫీసు పని పెరిగి నేనూ ఆపేశాను. ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు చరిత్రకొద్దాం. 1999 మే 17న బర్క్‌లీ యూనివర్సిటీ వాళ్లు సెటీ ఎట్ హోమ్ మొదలుపెట్టారు. అరెసిబో రేడియో టెలిస్కోప్ సిగ్నళ్లను ముక్కలు చేసి ఇళ్లలోని కంప్యూటర్లకు పంపేవాళ్లు. మొత్తమ్మీద 50 లక్షల మందికి పైగా చేరారు. ఎక్కువమంది నిలవలేదు. మన లాక్‌డౌన్ మొదటి వారంలోనే, 2020 మార్చి 31న, కొత్త పని పంపడం ఆపేశారు. అదే సమయంలో ఫోల్డింగ్ ఎట్ హోమ్ సెకనుకు ఒకటి పక్కన 18 సున్నాలన్ని లెక్కలు దాటింది. భయం తగ్గాక అక్కడా జనం పలచబడ్డారు.

మరి పని ఎలా సాగింది? వెళ్లిపోతారని ముందే అనుకుని కట్టారు కాబట్టి. ప్రతి ముక్కకూ గడువుంటుంది. గడువులో తిరిగి రాకపోతే ఇంకొకరికి వెళ్తుంది. సెటీలో ఒకే ముక్క ఇద్దరికి పంపి, జవాబులు కలిస్తేనే తీసుకునేవాళ్లు.

మన కడపలోనే దీనికి దగ్గరి కథుంది. 1820లో ఇక్కడికొచ్చిన సి.పి. బ్రౌన్ వేమన పద్యాల రాతప్రతులు ఎన్నో తెప్పించి, పండితులతో ఒకదానితో ఒకటి పోల్చి చూపించి, 1829లో అచ్చు వేయించాడు. ఒక ప్రతిలో పొరపాటును ఇంకో ప్రతి పట్టిస్తుంది. తేడా ఒక్కటే, బ్రౌన్ జీతాలిచ్చాడు. వాలంటీర్‌కు జీతం లేదు. వాడు ఎంత చేస్తే అంతే, చేసింది మాత్రం చెరిగిపోదు.

ఇదంతా చదివాక పోయిన నెల వాడికి ఫోన్ చేసి, తప్పు నాదే అన్నాను. కాసేపు ఊరుకుని, "ఇంతకీ నావి ఎన్ని అయినాయిరా?" అని అడిగాడు. పేరు కొట్టి చూశాను. ముప్పై ఏడు. నావి ఇరవై తొమ్మిది.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.